నెత్తురు ఎంత పెరిగిన అంత మేలా?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు మనిషి పాలిపోయినచో "ఒంట్లో నెత్తురు లేదు, నెత్తురు పట్టే మందు రాయండి" అని వైద్యుని అడుగుదురు. ఆ మాటలో సత్యము కలదు, కాని సగమే.

మూత్రపిండము వడపోతకే పరిమితము కాదు. తనకు చేరు ఆమ్లజని తగ్గినప్పుడు అది ఎరిత్రోపోయిటిన్ అను హార్మోనును ఎక్కువగా విడుదల చేయును. అది ఎముకల మూలుగలో ఎర్రకణముల ఉత్పత్తిని పెంచును. మూత్రపిండము చెడినచో హార్మోను తగ్గి రక్తహీనత కలుగును. 1989లో అమెరికాలో అనుమతి పొందిన ఇంజెక్షను ఈ లోటును పూరించి, రక్తమెక్కించు అవసరమును తగ్గించినది. ఈ మేలు కాదనరానిది.

విమర్శింపదగినది తరువాతి తర్కము: కొంత పెంచిన మేలైనచో, ఆరోగ్యవంతుని స్థాయికి పెంచిన మరింత మేలు గదా! 2009లో వెలువడిన ట్రీట్ పరిశోధన దీనిని పరీక్షించినది. మధుమేహము, మూత్రపిండవ్యాధి, రక్తహీనత గల 4,038 మందిలో దాదాపు సగము మందికి ఇదే జాతి మందుతో హిమోగ్లోబిన్‌ను 13 గ్రాములకు చేర్చజూచిరి. మరణములు తగ్గలేదు. పక్షవాతము మాత్రము వీరిలో 101 మందికి, తక్కినవారిలో 53 మందికి వచ్చినది.

అరటితోటకు నీరిచ్చు సన్నని డ్రిప్పు గొట్టములో ద్రవము చిక్కనైన ధార మందగించును. కణములు మితిమీరిన రక్తమూ అంతే. అయితే చిక్కదనమొక్కటే కారణమనుటయు సగము సత్యమే. ఈ మందు రక్తపుపోటును పెంచవచ్చును. గడ్డకట్టుటకు తోడ్పడు రక్తఫలకికలను చురుకు చేయవచ్చును.

కనుక "నెత్తురు పట్టినదా?" అను ప్రశ్న చాలదు. ఎంతకు పెరిగినది, ఎంత వేగముగా పెరిగినది, రక్తపుపోటు ఎట్లున్నది, ఇనుము చాలినంత కలదా అనియు అడుగవలెను.