‘ఫైన్’ అను విశేషణము : తెలుగు శాస్త్రపరిభాషలో దాని పర్యాయములు

పారిభాషిక పదములను కూర్చువారు నామవాచకములపై చూపు శ్రద్ధ విశేషణములపై చూపుట అరుదు. ‘ఆక్సిజన్’ను ఆమ్లజని యనవలెనా, ప్రాణవాయువనవలెనా యని చర్చించినవారే ‘ఫైన్’ అను చిన్నమాట యెదురైనప్పుడు ‘సూక్ష్మ’ యని వ్రాసి ముందునకు సాగిపోవుదురు. ఈ యేకపర్యాయ పద్ధతిని మేము అంగీకరింపజాలము. ఏల యనగా, ఈ మాట చెప్పు గుణమును మన వృత్తులవారు ఏనాడో పలు తెఱగుల విడదీసి, వేర్వేరు పేళ్లు పెట్టుకొనియున్నారు. దీనిని నిరూపించుటకు దూరము పోనక్కఱలేదు. 2022 వఱకు గుంటూరు జిల్లాలో నుండి, ఆపై పల్నాడు జిల్లాలో చేరిన వినుకొండ పరిసరముల పత్తి, మిరప వ్యవహారములే చాలును.

మొదట పత్తి. పీచుకు గాని నూలుకు గాని ‘ఫైన్’ అన్నచో తెలుగున ‘సన్న’ యనవలసినదే. నూలు సన్నదనమును నంబరుతో చెప్పుదురు. ఒక పౌను తూకమునకు 840 గజముల చిలపలు ఎన్ని తూగునో ఆ సంఖ్యయే నంబరు. కావున నంబరు పెరిగినకొలది నూలు సన్నమగును. పొందూరు ఖద్దరు ప్రసిద్ధి యంతయు ఈ సన్ననూలుదే. పీచు సన్నదనమును కొలుచుటకు మైక్రోనేర్ పద్ధతి కలదు. నిర్ణీతమైన తూకముగల పీచులోనికి గాలిని పంపి, అది ఎంత అడ్డగించునో చూతురు. సన్నని పీచు ఎక్కువ అడ్డగించును. అంకె తక్కువ వచ్చును. అయితే పక్వము కాక గోడలు పలుచనైన పీచునకును ఇట్లే తక్కువ అంకె వచ్చును. అట్టిచో ఆ సన్నదనము గుణము గాదు, దోషము. ఆంగ్లపదములో ‘మేలైనది’ అను ధ్వని పొంచియుండుటచే ఈ భేదము మఱుగుపడును. ‘సన్న’ యన్నచో మెప్పును లేదు, నిందయు లేదు. కొలత మాత్రమే కలదు. ఈ యెడ తెలుగుమాటయే శాస్త్రమునకు ఎక్కువ యోగ్యమని మా యభిప్రాయము.

ఇక కారపుపొడి. దీనిని ‘సన్నని కారము’ అనువారు మాకు కనబడలేదు. అది ‘మెత్తని కారము’, కానిచో ‘బరక’. వైద్యులు ఇంకను ముందునకు పోయి, బట్టలో జల్లించిన చూర్ణమును ‘వస్త్రగాళితము’ అని వేఱు చేసిరి. ‘మెత్తన’ యనగా మృదుత్వమను అర్థము కూడ కలదు గదా, శాస్త్రములో అది చిక్కు తెచ్చునని కొందఱనవచ్చును. వజ్రమును నూఱినను వచ్చునది మెత్తని పొడియే. పొడికి విశేషణమైనప్పుడు ఆ మాట పదార్థపు కాఠిన్యమును గూర్చి ఏమియు చెప్పదు. విద్యార్థి యెవడును ఇచట పొరపడడు.

అయితే రవ్వ సంగతి యేమి? పొడివంటిదే యైనను అది ‘సన్నరవ్వ’. ఇసుకయు ‘సన్న ఇసుక’యే. ఇందొక నియమము కలదని తోచుచున్నది. ఒక్కొక్క పోగునో, గింజనో, పలుకునో కన్ను విడిగా చూడగలిగినంతవఱకు ‘సన్న’. పలుకు కంటికి అందక వ్రేళ్లకు మాత్రమే తెలియునప్పుడు ‘మెత్తన’. ఒకటి చూపు కొలత, రెండవది స్పర్శ కొలత. హిందీ ‘మహీన్’ నూలుకును పిండికిని సమానముగా చెల్లును. తెలుగునకు ఆ సౌకర్యము లేదు. దానికి బదులు ఈ వివేకము కలదు. సన్నబియ్యము, సన్నజల్లు, తుదకు హెక్టారునకు మించని భూమిగల ‘సన్నకారు రైతు’ — ఇవన్నియు ఒక్కొక్కటిగా ఎన్నదగినవే.

నేలల శాస్త్రములో ఈ విశేషణము మఱింత చిత్రముగా వర్తించును. అంతర్జాతీయ విభజనలో 0.2 నుండి 0.02 మిల్లీమీటర్ల వఱకు గల రేణువులు ‘ఫైన్ శాండ్’, 0.002కు లోపడినది బంకమన్ను. మొదటిదానికి సన్న ఇసుక యనుట సరియే. కాని బంకమన్ను హెచ్చుగానుండి పత్తికి అనువైన నల్లరేగడిని ఆంగ్లగ్రంథములు ‘ఫైన్ టెక్స్చర్డ్ సాయిల్’ అనును. దీనిని ‘సన్ననేల’ యన్నను, ‘సూక్ష్మనేల’ యన్నను వినుకొండ రైతుబిడ్డకు అర్థము కాదు. అతని యింట దానిని ‘బరువునేల’ యందురు. ఇసుకపాలు ఎక్కువైనది ‘తేలికనేల’. నాగలికి గలుగు శ్రమను బట్టి పుట్టిన మాటలివి. రేణువు చిన్నదైనకొలది నేల బరువగుట వినుటకు వింతగానుండును గాని, ఆంగ్లశాస్త్రజ్ఞులును అదే నేలను ‘హెవీ’ అనుచున్నారు. అనువాదకుడు పదమును విడిచి వస్తువును చూచినగాని ఈ సమానార్థకము దొరకదు.

శ్రేష్ఠతార్థము విషయమున వివాదము లేదు. బంగారమునకు ‘మేలిమి’, దాని ‘ఫైన్‌నెస్’కు ‘వన్నె’ యను చక్కని మాట మనకుండగా, వేయింట 916 పాళ్లను చెప్పుటకు ‘సూక్ష్మత’ యనుట హాస్యాస్పదము. ‘లలితకళలు’ స్థిరపడినది, దానిని కదపరాదు.

‘సూక్ష్మ’ పై మాకు ద్వేషము లేదు. దాని చేతులు ఇప్పటికే నిండియున్నవనుటయే మా యాక్షేపణ. సూక్ష్మజీవి, సూక్ష్మపోషకము, సూక్ష్మసేద్యము — ఇవన్నియు ‘మైక్రో’ కు ఏర్పడినవి. ‘ఫైన్’ ను కూడ దానిపైనే మోపినచో ఆ రెంటికిని గల భేదము విద్యార్థికి తెలియు మార్గమేది? 2.5 మైక్రోమీటర్లకు లోపడిన గాలిధూళిని పత్రికలు ‘సూక్ష్మ ధూళికణములు’ అనుచున్నవి. అది కన్నును వ్రేలును రెంటిని దాటినది గనుక ఒప్పుకొందము. భారతీయభాషలన్నిట పరిభాష ఏకరూపముగా నుండవలెనను వాదమునకు 1961లో ఏర్పడిన కేంద్ర పరిభాషాసంఘము బలము చేకూర్చినది. నామవాచకముల యెడ ఆ వాదము కొంత చెల్లును. విశేషణము మాత్రము విశేష్యమును బట్టి నడచునది. దానిని ఒంటరిగా నిలిపి ఏకరూపమును కోరుట వ్యాకరణమునకే విరుద్ధము.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో వ్యవసాయ పదములతోను, 1971లో చేనేత పదములతోను వెలువరించిన మాండలిక వృత్తి పదకోశములలో రైతుల, నేతగాండ్ర మాటలు ప్రాంతభేదములతో చేరియున్నవి. 1968లో తెలుగు అకాడమి యేర్పడి కళాశాలల పాఠ్యగ్రంథములకు పూనుకొనినది. ఈ రెండు త్రోవలును విశేషణముల యెడ కలిసినప్పుడే ఉపయోగము. పరిశోధక విద్యార్థులు ‘ఫైన్’ అను ఆరోపమును తీసివైచి, నూలు, పొడి, నేల, లోహము అను ఆరోపముల క్రింద ఆ గుణమును నమోదు చేసినచో మేలు.

మిరపలో ఒక తారుమాఱు జరిగినది. సన్ననై పొడవుగల గుంటూరు కాయను ఎగుమతి వర్తకులు ‘ఫైన్’ అనియు అనలేదు, మఱియొక ఆంగ్లపదమును వెదకనులేదు. ‘సన్నం’ అనియే బిళ్లలపై వ్రాసికొనిరి. భౌగోళిక గుర్తింపు పట్టికలోను ఆ పేరే యెక్కినది.