ఉత్పలగిరి

బారసాలనాడు పెద్దలు పెట్టిన పేరు చాలక, సాధనకో కళకో తన్ను సమర్పించుకొన్న వేళ కొండనుండియో వనమునుండియో మఱియొక పేరును మనుష్యుడు గ్రహించుట నేటి పాశ్చాత్య ప్రకృత్యుపాసకులతో పుట్టిన వాడుక కాదు. అమెరికాలో స్టార్‌హాక్ అను రచయిత్రి కలలో కనిపించిన డేగను, టారో చీట్లలోని నక్షత్రమును జోడించి తనకు పేరు కూర్చుకొన్నదనిన మనవారికి వింతగా తోచునేమో గాని, వన, అరణ్య, గిరి, పర్వత, సాగర శబ్దములను సన్న్యాసుల పేళ్ల తుదలయందు నిలిపిన దశనామి సంప్రదాయము మన యింటిదే కదా!

ఈ విషయమున నాకు తిరుత్తణిని మించిన నిదర్శనము లేదు. చిత్తూరు జిల్లాలో నుండి 1960 ఏప్రిల్ 1న మదరాసు రాష్ట్రమున చేరిన యూరిది; ఆడికృత్తికకు పూలకావడులెత్తి వచ్చు తెలుగువారికి మాత్రము సరిహద్దు మాఱినను త్రోవ మాఱలేదు. కొండ పేరిట బిడ్డలను తణికాచలమని పిలుచుకొనుట ఆ ప్రాంతమున నున్నదే. ఇంద్రుడు నీలోత్పలములతో అర్చించెనని స్థలపురాణము చెప్పు నా కొండమీద, కాశిలో చిదంబరనాథయోగివలన శ్రీవిద్యోపదేశము పొంది చిదానందనాథుడను దీక్షానామము వహించిన ముత్తుస్వామి దీక్షితులు ధ్యానమున నుండగా, వృద్ధుడొకడు వచ్చి నోరు తెరువుమని కలకండ వేసి అదృశ్యుడయ్యెననియు, ఆ తీపి కరగకమునుపే మాయామాళవగౌళ రాగమున తొలికృతి వెలువడెననియు ఐతిహ్యము. గురుగుహ యను ముద్ర అందే పొడచూపినది. దీక్షానామ మొకటి యుండగనే, కొండదేవరయగు కుమారస్వామి పేరు రెండవదియై వచ్చి, 1835లో ఆయన కన్నుమూయువఱకు కృతులను విడువలేదు.

పేరు తోచుట యొక యెత్తు, దానిని మోయుట యొక యెత్తు. త్యాగయ్య తల్లిదండ్రులిచ్చిన పేరునే ముద్రగా నిలుపుకొనెను. క్షేత్రయ్య మువ్వగోపాలుని ఆశ్రయించెను. దీక్షితుల గురుగుహ ముద్రయో, నాలుగక్షరములును లఘువులే యగుటచే తాళమున ఏ మూలనైనను ఇమిడిపోవును. అమ్మవారిని గురుగుహుని తల్లిగా, శివుని అతని తండ్రిగా కీర్తించు నెపమున సంతకము చుట్టఱికములో దాగిపోవును. అంతటితో తృప్తి చెందక, ప్రథమ మొదలు సంబోధన వఱకు ఎనిమిది విభక్తులలో ఎనిమిది కృతులు కట్టి, ఆ పేరును వ్యాకరణపు గీటురాతిపై గీచి చూచినాడా మహానుభావుడు! గ్రద్ద, పులి, పిడుగు అని ఆర్భాటముగ పేళ్లు తగిలించుకొను నేటి యువకులలో ఎందఱు తమ పేరును చతుర్థివఱకైన నడిపింపగలరో నాకు సందేహమే.

నాకును ఒక పేరుపై మోజు కలదు. తిరుత్తణికి పురాణప్రసిద్ధమైన ఉత్పలగిరి యను నామమును నా వ్రాతలకు పెట్టుకొందునా యని, కాగితముపై దానిని విభక్తులలో నడిపించుచున్నాను. ఉత్పలగిరిచేత, ఉత్పలగిరికొఱకు, ఉత్పలగిరివలన: షష్ఠిదాక పేచీ లేదు. సంబోధనయొద్దనే చిక్కు, ‘ఓయి యుత్పలగిరీ’ యని పైకి చదివినపుడెల్ల వంటింటిలోనుండి నవ్వు వినబడుచున్నది.