అభిజ్ఞానం నుంచి అభిజ్ఞానతకు: విశ్వనాథ శాకుంతల విమర్శ

కాళిదాసు నాటకం ‘అభిజ్ఞానశాకుంతలమ్’. దానిపై విశ్వనాథ సత్యనారాయణ రచించిన విమర్శగ్రంథం ‘శాకుంతలము యొక్క అభిజ్ఞానత’. నన్నయ, నాచన సోమన, పెద్దనల కవిత్వంపై ఆయన చేసిన విమర్శల సరసన నిలిచే రచన ఇది. శీర్షికలో మూలంలోని సమాసం విడిపోయింది, పదాల వరుస మారింది, చివర ‘త’ చేరింది. (తెలుగు నుడికారం అంతగా మెచ్చని ‘యొక్క’ కూడా వచ్చి కూర్చుంది.) ఆ ‘త’ చిన్నది కాదు. అభిజ్ఞానమంటే ఆనవాలు, అభిజ్ఞానత ఆనవాలుగా నిలిచే గుణం. ఆ గుణం ఉంగరానికే పరిమితమా అనే ప్రశ్నకు శీర్షికే తావిస్తున్నది.

మహాభారత ఆదిపర్వంలో ఉంగరమూ లేదు, శాపమూ లేదు. నన్నయలోనూ అంతే. దుష్యంతుడు అన్నీ తెలిసే కాదంటాడు. ఆకాశవాణి పలికాక స్వీకరిస్తాడు. కాళిదాసు ఆ అబద్ధాన్ని మరపుగా మార్చాడు. నాయకుని ధీరోదాత్తత కోసమే ఈ మార్పు అని చెప్పి ముగించడం బోధనలో పరిపాటి. ఆ వివరణ నాటకానికి చాలదు. ఐదో అంకం మొదట్లో హంసపదిక పాట విని రాజు కారణం తెలియక కలత పడతాడు. ఉంగరం అప్పటికింకా దొరకలేదు, గుర్తు మాత్రం లోలోపల కదిలింది. ఇదే పాటలో టాగూరు రాజు చాపల్యానికి సూచన చూశాడు. ఈ రెండు అన్వయాలూ పరస్పర విరుద్ధాలు కావు.

ఆరో అంకంలో ఉంగరం దొరికినా అది పశ్చాత్తాపాన్నే ఇచ్చింది, శకుంతలను ఇవ్వలేదు. ఏడో అంకంలో తండ్రిని పట్టి ఇచ్చింది సర్వదమనుని రక్ష: పరులు తాకితే పామయ్యే మూలిక రాజు చేతిలో మూలికగానే ఉండిపోయింది. పశ్చాత్తాపంతో వివర్ణుడైన భర్తను శకుంతల కూడా మొదట పోల్చుకోలేదు. అతడు ఉంగరం తిరిగి ఇవ్వబోతే, దాన్ని నమ్మనని, ఆర్యపుత్రుడే ధరించాలని అంటుంది. నాటకానికి పేరిచ్చిన వస్తువును నాయికే నిరాకరించిన ఈ ఘట్టంలో ‘త’ ప్రత్యయానికి పూర్తి సార్థకత కనిపిస్తుంది.

అయితే అభిజ్ఞానతను రాజు స్మృతికి మాత్రమే ముడిపెడితే ఐదో అంకంలోని శకుంతల మరుగున పడుతుంది. వేలికి ఉంగరం లేదని తెలిశాక ఆమె దీర్ఘాపాంగుడనే లేడిపిల్ల వృత్తాంతం చెబుతుంది. అది రాజు చేతి నీళ్లు ముట్టక ఆమె చేతిలో తాగింది. ఇద్దరికే తెలిసిన ఆ జ్ఞాపకమే ఆమె చూపిన ఆనవాలు. రాజు దాన్ని స్త్రీ సహజమైన నేర్పుగా కొట్టిపారేశాడు. శాపం సంగతి సఖులు దాచారు గనుక, తాను ఎందుకు ఓడిపోతున్నదో ఆమెకు తెలియదు. మారీచుడు చెప్పేదాకా తెలియలేదు.