గ్రిప్పు ఉంది కదా!

సికింద్రాబాద్‌లో కారు వయసు నంబరు ప్లేటే చెప్పేస్తుంది. ఏపీ 10 అని ఉందంటే 2014లో తెలంగాణ ఏర్పడక ముందు ఇక్కడే రిజిస్ట్రేషన్ అయిన బండి. పదేళ్లు ఎప్పుడో దాటేసింది. మారేడ్‌పల్లి, కార్ఖానా వీధుల్లో అలాంటివి ఇంకా కనబడుతూనే ఉంటాయి. ఎక్కువగా రిటైరైనవాళ్ల మారుతీ 800లు, శాంత్రోలు. వారమంతా కవరు కింద ఉంటాయి, ఆదివారం కూరగాయలకు బయల్దేరతాయి. మీటర్లో కిలోమీటర్లు తక్కువ, ఓనరు మొహంలో గర్వం ఎక్కువ. నాదీ ఆ కోవ బండే.

టైర్ల సంగతి అడిగితే మాత్రం అందరిదీ ఒకటే జవాబు: "గ్రిప్పు ఉంది కదా!"

ఎందుకుండదు? తిరగని బండికి గ్రిప్పు అరగదు. కానీ రబ్బరు తిరిగినా తిరక్కపోయినా ముసలిదవుతుంది. ఎండకీ గాలిలోని ఓజోన్‌కీ గట్టిపడి, పక్కల మీద వేసవి చెరువు అడుగులా సన్నని నెర్రెలు తీస్తుంది. ఆ నెర్రెలు రాకుండా టైరులో ఒక రకం మైనం కలుపుతారు. చక్రం తిరుగుతూ ఉంటేనే అది బాగా పైకి ఊరుతుంది. కవరు కింద పడుకున్న బండికి ఆ కాపలా కూడా తక్కువే.

అందుకే నేను గ్రిప్పు కంటే ముందు అంకెలు చూస్తాను. టైరు పక్కన డాట్ అని మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలుంటాయి. 2317 అంటే 2017లో 23వ వారం తయారైందని. అయిదేళ్లు దాటితే ఏటా ఒకసారి చూపించమని, పదేళ్లకు ఎలా ఉన్నా తీసెయ్యమని చాలా కంపెనీలే చెబుతాయి. రాణిగంజ్‌లో కొత్త టైరు కొన్నా ఆ అంకెలు చదివాకే డబ్బు తీస్తాను. షాపతను విసుక్కుంటాడు. విసుక్కోనీ.

ఇంత పట్టింపు ఎందుకంటే, బ్రేకు ఆపేది చక్రాన్ని మాత్రమే. బండిని ఆపాల్సింది రోడ్డును పట్టుకున్న ఆ కాస్త రబ్బరు. చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ మన దేశంలో కొత్త కార్లకు తప్పనిసరి అయింది 2019లో. అంతకుముందు వాటిలో చాలావాటికి అది లేదు. కంగారులో గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుంటాయి, బండి జారుతుంది, స్టీరింగ్ ఎటు తిప్పినా వినదు. పైగా వేగం 40 నుంచి 80కి పెరిగితే, బ్రేకు పట్టాక బండి ఆగే దూరం రెట్టింపు కాదు, నాలుగింతలు.

ఇక బ్రేక్ ఆయిల్. ఇంజిన్ ఆయిల్ మార్చే తేదీ గుర్తుపెట్టుకునేవాళ్లు కూడా దీన్ని మరిచిపోతారు. అది గాలిలోని తేమను పీలుస్తుంది. తేమ చేరేకొద్దీ మరిగే వేడి తగ్గిపోతుంది: డాట్ 3 రకానికి కొత్తలో కనీసం 205 డిగ్రీలు ఉండాలి, తడిస్తే 140 దగ్గరికి దిగొచ్చు. ఘాట్‌లో దిగుతూ బ్రేకు మీదే కాలుంచితే లోపల ఆవిరి బుడగలు లేచి పెడల్ మెత్తగా కిందికి పోతుంది. రెండేళ్లకోసారి మార్పించడం మంచిది. నాకైతే ఆ పని చూడటమే ఇష్టం. నేను సీట్లో, మెకానిక్ వెనక ఎడమ చక్రం దగ్గర. "తొక్కండి సార్, తొక్కండి... పట్టుకోండి." నిపుల్ తిప్పగానే నల్లటి ఆయిల్ పైపులోంచి సీసాలోకి దిగుతుంది. బుడగలు ఆగి, రంగు తేలేదాకా పక్క చక్రానికి వెళ్లడు.

రెండు టైర్లకే డబ్బుంటే? ముందు వేయమనే అందరూ అంటారు, ఇంజిన్ అక్కడే, స్టీరింగ్ అక్కడే కదా అని. నేను వెనకే వేయిస్తాను. వాన రోడ్డు మీద ముందు చక్రాలు జారితే బండి తిన్నగా పోతుంది, యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలావరకు దారికొస్తుంది. వెనకవి జారితే బండే గిర్రున తిరుగుతుంది. దాన్ని పట్టుకునే నేర్పు నాకు లేదు, కూరగాయలకు బయల్దేరిన మా వీధివాళ్లకూ ఉంటుందనుకోను.