పరపతి పోయిన మనిషి: ‘లిటిల్ ఫిష్’

తెలుగులో ‘పరపతి’ అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. నలుగురిలో మనిషి మాటకుండే విలువ ఒకటి. పరపతి సంఘాల పేర్లలో కనిపించే అప్పు మరొకటి. 2005లో వచ్చిన ఆస్ట్రేలియన్ స్వతంత్ర చిత్రం ‘లిటిల్ ఫిష్’ను హెరాయిన్ చుట్టూ అల్లిన నేరకథగా చెప్పుకోవడం పరిపాటి. నిజానికది ఈ రెండర్థాల పరపతినీ పోగొట్టుకున్న మనిషి కథ.

దర్శకుడు రోవన్ వుడ్స్. రచన జాక్వెలిన్ పెర్స్క్. కథాస్థలం సిడ్నీ పశ్చిమ శివారు కాబ్రమాటా. వియత్నాం యుద్ధం ముగిశాక శరణార్థులు స్థిరపడిన ఈ ఊరు 1990లలో బహిరంగంగా సాగే హెరాయిన్ అమ్మకాలకు పేరుపడింది. 2001 తొలినాళ్ళలో ఆస్ట్రేలియా అంతటా హెరాయిన్ సరఫరా ఒక్కసారిగా పడిపోయింది. చేప ఆకారపు చిన్న సోయా సాస్ సీసాలలో ద్రవరూపపు హెరాయిన్ అమ్మడం నుంచే చిత్రానికా పేరు వచ్చింది. అయితే వుడ్స్ దృష్టి ఆ ఉధృతి మీద కాదు, అది తగ్గాక మిగిలిన మనుషుల మీద.

ట్రేసీకి (కేట్ బ్లాంచెట్) ముప్ఫై దాటాయి. హెరాయిన్ మాని నాలుగేళ్ళయింది. తల్లి ఇంట్లో ఉంటూ ఒక వీడియో షాపు నడుపుతోంది. అందులో భాగస్వామి కావాలని ఆమె ఆశ. బ్యాంకు అప్పు ఇవ్వదు. పరాయి దేశానికి వచ్చిన కొత్తలో క్రెడిట్ చరిత్ర లేక ఇబ్బందిపడ్డవారికి ఈ బల్ల, ఈ మర్యాదపూర్వకమైన తిరస్కారం పరిచితమే. ట్రేసీ చిక్కు వేరు: ఆమెకు చరిత్ర ఉంది. ఆ చరిత్రలో మత్తు రోజులు నమోదవుతాయి, మానుకున్న నాలుగేళ్ళకు మాత్రం గడి ఉండదు.

చిత్రంలోని నేరం ఇక్కడే మొలకెత్తుతుంది. అప్పు మంజూరైందని ఆమె తల్లికీ యజమానికీ అబద్ధం చెబుతుంది. సోదరుడు రే, కెనడా నుంచి తిరిగివచ్చిన పాత ప్రియుడు జానీ కలిసి ఒక మాదకద్రవ్యాల బేరం కుదుర్చుకుంటున్నారు. చెప్పిన అబద్ధాన్ని నిజం చేసుకోవడానికి ఆమెకు మిగిలిన దారి అదే. ‘ఖైదీ’ (2019), ‘విక్రమ్’ (2022) వంటి చిత్రాలలో మాదకద్రవ్యమంటే పోలీసులు పట్టుకున్న సరుకు, దానికోసం ముఠా చేసే దాడి. దానికి బానిసైన మనిషికి అక్కడ చోటు తక్కువ. ఇక్కడ సరుకు తెర వెనుకకు జరిగి, మనిషి ముందుకు వస్తాడు.

ఆ మనిషి ఎంత దూరం జారగలడో లయనెల్ (హ్యూగో వీవింగ్) పాత్రలో కనిపిస్తుంది. ఒకప్పటి రగ్బీ లీగ్ తార, తల్లికి మాజీ సహచరుడు, ట్రేసీకి తండ్రివంటివాడు. ఆమెను హెరాయిన్ దారి పట్టించినదీ అతనే. ఆమె అతన్ని అసహ్యించుకోదు, వదులుకోదు. మరోవైపు తల్లి (నోని హేజిల్‌హర్స్ట్) కూతురి ప్రతి కదలికనూ అనుమానంతో గమనిస్తుంటుంది. బ్యాంకు కాగితం చూసి చేసే పనిని తల్లి ప్రేమతో చేస్తుంది, ఫలితం ఒకటే. ఈ ముగ్గురు నటులకూ 2005లో ఆస్ట్రేలియన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పురస్కారాలు రావడంలో ఆశ్చర్యం లేదు.

లోపాలు లేకపోలేదు. గతాన్ని దర్శకుడు చిన్న చిన్న ముక్కలుగా మాత్రమే అందిస్తాడు. ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియడానికే సగం సినిమా పడుతుంది. కాబ్రమాటా వీధుల నిండా వియత్నామీయులున్నా, జానీని మినహాయిస్తే వారి జీవితం నేపథ్యంగానే మిగిలిపోతుంది. చివరి భాగంలో ముఠా వ్యవహారం అంతవరకూ ఓపికగా సాగిన కథను తొందరపెడుతుంది.

అయినా చిత్రం అడిగిన ప్రశ్న మిగులుతుంది. వ్యసనం మానడం మనిషి ఒంటరిగా చేయగలిగిన పని కావచ్చు. మానినట్టు గుర్తింపు పొందడం మాత్రం ఇతరుల చేతిలో ఉంది. పరపతి ఎవరికి వారు పుట్టించుకోగలిగేది కాదు, ఎదుటివారు ఇవ్వవలసినది. ట్రేసీ నాలుగేళ్ళుగా తన వంతు చెల్లిస్తూనే ఉంది. దానిని జమ కట్టుకునే పద్దు మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.