విమానపు రెక్క రాతబల్లయైన విధము

అమెరికా దేశమున అరిజోనా రాష్ట్రములోని టూసాన్ నగరము చెంత, వానలు మిక్కిలి తక్కువై, గాలిలో తేమ దాదాపు లేక, నేల సున్నపుపొరతో గట్టిగా బిగిసియుండుటచేత ఎంత బరువైన విమానమునైనను చప్టా కట్టకయే నిలుపుటకు వీలైన ఎడారి ప్రదేశమొకటి కలదు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట 1946లో, పని తీరిన యుద్ధవిమానములను భద్రపరచుటకై డేవిస్-మాంథన్ వైమానిక స్థావరమున ఏర్పడిన ఈ ఆవరణము నేడు సుమారు 2,600 ఎకరముల మేర వ్యాపించి, వేలకొలది విమానములకు నెలవైనది. కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారిలో ప్రయాణికుల విమానములకును ఇట్టి విశ్రాంతిస్థలములు కలవు. అచట చేరినవానిలో కొన్ని తిరిగి ఎగురును, పెక్కు ఎగురవు. ధనికుల కార్యాలయములలో నేడు లక్షల వెల పలుకుచున్న లోహపు రాతబల్లలును, సమావేశపు బల్లలును, విచిత్రములైన కుర్చీలును ఆ ఎగురని వానిలోనుండియే పుట్టుచున్నవి.

విమానమునకు వార్ధక్యము వచ్చుట సంవత్సరముల లెక్కను బట్టి మాత్రమే కాదు. పైకెగిరిన ప్రతిసారియు లోపలి గాలి ఒత్తిడికి దాని దేహము అణుమాత్రముగా ఉబ్బి, దిగినపుడు సడలును. ఇది వేలమార్లు జరుగగా లోహమున కంటికి కానరాని పగుళ్లు జనించును. 1954లో బ్రిటిషువారి కామెట్ జెట్ విమానములు ఆకాశముననే విచ్ఛిన్నమైన దుర్ఘటనల విచారణలో ఈ సంగతి స్పష్టముగా తేలినది. సేవ ముగిసిన విమానమునుండి మొదట ఇంజనులను, చక్రముల సరంజామాను, కొలత పరికరములను తీసి విక్రయింతురు. మిగిలిన దేహమును తుక్కుక్రింద కరిగింతురు. కొలిమికి చేరకమునుపు గల ఆ కొద్దిపాటి వ్యవధిలోనే ఫర్నిచర్ శిల్పి తనకు వలసిన భాగమును ఎన్నుకొనవలసి యుండును.

అతడు ఎన్నుకొను లోహము సామాన్యమైనది కాదు. 1906 ప్రాంతమున జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్ అను శాస్త్రజ్ఞుడు అల్యూమినియమున కొద్దిగా రాగిని, మరికొంచెము మెగ్నీషియమును కలిపి, కాచి, నీట చల్లార్చి పరీక్షింపగా, మొదట మెత్తగానున్న ఆ మిశ్రలోహము కొన్నిదినములు ఊరకయుంచినంతనే తనంత తాను గట్టిపడినట్లు కనుగొనెను. డ్యురాల్యూమిన్ అని పేరొందిన ఆ లోహపు సంతతియే నేటి విమానపు రేకులు. ఈ జాతి లోహముతో చేసిన కొన్ని రివెట్లు సాధారణోష్ణమున త్వరగా బిరుసెక్కును గనుక, కర్మాగారములలో వానిని శీతలపేటికలలో దాచి, మెత్తగానున్నపుడే బిగించు వాడుక కలదు. రాగి కలిసిన రేకు తుప్పునకు లోనగును గావున దానికి ఇరువైపుల శుద్ధ అల్యూమినియపు పలుచని పొరను అతికింతురు; ఈ పొర ఒక్కొక్కవైపున సాధారణముగా రేకు మందములో నూటికి అయిదుపాళ్లకు మించదు.

ఆ పలుచని పొరయే పనివాని నేర్పునకు పరీక్ష. పూర్వపు రంగును రసాయనములతోనో, మృదువైన ప్లాస్టిక్ రేణువులను గాలివేగముతో చిమ్మియో తొలగింతురు. ఇసుకను బలముగా చిమ్మినచో రేకు గుంటలుపడి వంకరపోవును. లోపలిభాగములలో పసుపు కలిసిన ఆకుపచ్చవన్నె గల జింక్ క్రోమేటు పూత బయల్పడును. అది తుప్పును నిరోధించునదే గాని, దాని ధూళి ఆరోగ్యమునకు హానికరము గనుక ముక్కునకు రక్షణ తప్పదు. పిమ్మట ఉన్నిచక్రమును త్రిప్పుచు, మొదట గరుకు లేపనముతోను, క్రమముగా మెత్తని లేపనములతోను రుద్దగా నల్లని మడ్డి తేలును. దానిని తుడిచినకొలది చూచువాని ముఖము రేకున ప్రతిఫలించును. రుద్దుట మించెనా, శుద్ధమైన పొర అరిగిపోయి అడుగులోహము మచ్చలుగా తోచును. రివెట్ల తలలు చెడును. కావున ఎచట ఆగవలెనో తెలిసినవాడే ఈ విద్యలో ప్రవీణుడు.

1935 డిసెంబరు 17న తొలిసారి ఎగిరి, యుద్ధకాలమున సీ-47 అను పేర పదివేలకు పైగా తయారైన డీసీ-3 విమానపు రెక్కను రాతబల్లగా మార్చు విధమును చూడుడు. రెక్క పైభాగము వంపుదేరి యుండుటచే కాగితముంచి వ్రాయుటకు వీలుగాదు. ఆ వంపునే చదును చేసినచో అది రెక్కయే కాకపోవును. అందుచేత చిన్న లోహస్తంభములను నిలిపి, వానిపై మందపాటి గాజుపలకను సమతలముగా అమర్తురు. గాజు క్రింద కనబడు రివెట్ల వరుసలు కేవలాలంకారములు కావు; లోపలి దూలములును అడ్డుపట్టీలును ఎచటెచట నున్నవో అవి చెప్పుచున్నవి. 1980ల నాటి బోయింగ్ 737 ఇంజను తొడుగు విషయమును ఇట్టిదే. పెద్ద ఇంజనును నేలకు దగ్గరగానున్న రెక్కక్రింద అమర్పవలసివచ్చి ఇంజనీర్లు తొడుగు అడుగును కొంత చదును చేసిరి. దానిలో పరుపు అమర్చి కుర్చీ చేసినను ఆ చదును చెక్కుచెదరక పూర్వకథను తెలుపుచునే యుండును.

విమానపు రూపమునకు గల ఆకర్షణ ఎంతటిదనగా, ఆస్ట్రేలియాకు చెందిన మార్క్ న్యూసన్ 1980లలో ఫైబర్‌గ్లాసుపై అల్యూమినియపు రేకులను రివెట్లతో బిగించి చేసిన లాక్‌హీడ్ లౌంజ్ అను ఆసనము 2015లో లండను వేలములో 24 లక్షల పౌండ్లకు పైగా పలికినది. అందులో విమానపు భాగమొక్కటియు లేదు. విమానపు పోలిక మాత్రమే కలదు. అది ఒక ప్రతిభాశాలి కల్పన గనుక దాని విలువ దానిది. కాని పాత రెక్కతో చేసిన బల్లకు విలువ వేరొకచోటినుండి వచ్చును: వేలాది గంటలు మనుష్యుల ప్రాణములను మోసిన నిర్మాణము అందు చదువుటకు వీలుగా నిలిచియుండుటయే ఆ విలువ.

ఇది విమానములను ఖండించి సొమ్ము చేసికొనుటయే గదా యని ఆక్షేపింపవచ్చును. విశాఖపట్టణపు సాగరతీరమున నౌకాదళమువారి టీయూ-142 విమానమును సంపూర్ణముగా నిలిపి ప్రదర్శనశాల చేసినట్లు అన్నిటిని నిలుపగలిగినచో అంతకంటె కావలసినదేమి? అది సాధ్యము కానపుడు, కరిగి రూపుమాసిపోవుటకంటె బల్లయై మిగులుట మేలు. అయితే మెఱుపు చూచి మోసపోరాదు. కొనదలచినవారు బల్ల క్రిందికి వంగి, అడుగుభాగమున అసలు రివెట్లును, ముద్రవేసిన భాగసంఖ్యలును ఉన్నవో లేవో చూడవలెను. ఉన్నచో అడిగిన ధర న్యాయమే. లేనిచో అది మెఱుగుపెట్టిన రేకు మాత్రమే.