'మోసగాళ్ళకు మోసగాడు' – సాదృశ్యవిచారము

ఒక దేశపు కథ మఱొక దేశమునకు వచ్చినపుడు దానిని 'అనుకరణ' మని త్రోసివేయుట సులభము. 1971లో వెలువడిన 'మోసగాళ్ళకు మోసగాడు' ఇట్టి తీర్పునకు తఱచుగా గుఱియైన చిత్రము. ఆ తీర్పు ఎంతవఱకు న్యాయ్యమో ఇచట విచారింతుము.

9వ శతాబ్దివాడగు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకము చతుర్థోద్యోతమున కావ్యముల నడుమ గల సంవాదమును మూడు తెఱగులుగా విభజించెను. అవి ప్రతిబింబము, ఆలేఖ్యము, తుల్యదేహి. అద్దములోని నీడకు స్వంత యాత్మ లేదు. చిత్తరువునకు గల యాత్మ తుచ్ఛము. ఈ రెండును కవికి త్యాజ్యములు. ఒకని పోలిక గల మఱొక మనుష్యుడు మాత్రము స్వతంత్రుడే. అట్టి సాదృశ్యము దోషము కాదు. ఈ కొలబద్దతోనే ఈ చిత్రమును కొలువవలెనని మా యాశయము.

జాన్ ఫోర్డు 'స్టేజ్‌కోచ్' (1939), ఫ్రెడ్ జిన్నెమన్ 'హై నూన్' (1952) మొదలగు అమెరికా చిత్రములకు ప్రాణము గుఱ్ఱము కాదు, తుపాకియు కాదు. శాసనము స్థిరపడని నేలపై న్యాయమును నిలుపువా డెవ్వడను ప్రశ్నయే వాని ప్రాణము. 1964 నుండి ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనే ఆ ప్రశ్న స్థానమున ధనాశను నిలిపెను. మన చిత్రమునకు సన్నిహితమైన మూలములు ఆతని 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' (1966), అమెరికావారి 'మెకన్నాస్ గోల్డ్' (1969). కావున నిది నీడకు నీడ యని యాక్షేపింపవచ్చును. టోపి, తుపాకి, నిధివేట – ఇవి ప్రతిబింబములే యని మేమును అంగీకరింతుము.

కాని రచయిత ఆరుద్ర. 'సమగ్ర ఆంధ్ర సాహిత్యము'ను వ్రాసిన పరిశోధకుడే. అమెరికా పశ్చిమసీమ వంటి సీమ తెలుగునాట లేదు. కథ యీ కొఱతను స్థలముతో గాక కాలముతో పూరించినది. సంస్థానములు కూలుచు, ఆంగ్లేయుల యధికారము ప్రాకుచున్న కాలమది. రాజు శాసనము చెల్లదు; పరులశాసనము ప్రజలది కాదు. ఆ సందుననే నిధికై పరువిడు మోసగాండ్రకు చోటు దొరకినది. నాగభూషణము ధరించిన 'నక్కజిత్తుల నాగన్న' లియోనే చిత్రములోని టూకోకు పోలికయే. అయినను వాని పేరిలోనే మన జానపదకథల నక్క యున్నది. వాడు తుల్యదేహి.

హైదరాబాదు నుండి బీజాపురము పోవు బాటపై మొయినాబాదు, చేవెళ్ళ యున్నవి. ఆంగ్లమెఱుగని యచటి ప్రేక్షకునకు నగరమున నాడు ఆంగ్లచిత్రము మూగచిత్రముతో సమానము. ఆ కథాలోకమును తెలుగుమాటలతో నందించుట సామాన్యమైన సేవ కాదు. అయితే ఆ ప్రేక్షకుడే మనల నొక మాట యడుగవచ్చును: "మా ఱాతిగుట్టలు, మా మెట్టచేలు ఏవి?" దర్శకుడు కె. యస్. ఆర్. దాసు, ఛాయాగ్రాహకుడు వి. యస్. ఆర్. స్వామి తెరపై చూపిన యెడారి రాజస్థానముది. ఫోర్డునకు మాన్యుమెంట్ వ్యాలీ కేవలము దృశ్యము కాదు, కథలో నొక పాత్ర. మన చిత్రమున అట్టి పాత్ర దక్కను నేలకు దక్కలేదు. కాలము మనది, పలుకు మనది. నేల మనది కాలేదు. చిత్రమునకు గల నిజమైన లోప మిదియే గాని, స్వీకరణము కాదు.

నన్నయనాటి నుండియు స్వీకరణము మన సాహిత్యమునకు పుట్టినిల్లు. భారతమున దేని నెట్లు తెలుగు చేసిరని విచారించు మనము, చలనచిత్రకథను ఆ విచారమునకు వెలిగా నుంచుట తగదు.